స్టార్ట్ బటన్ జరిగితే చేతికేమైతది?

హనుమకొండలో కంప్యూటర్ ఆపరేటర్లు, డీటీపీ పనివాళ్లు, ఆడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణాల గుమస్తాల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో మీసేవ నడిపేటోళ్లు ఉన్నరు, డీటీపీ చేసేటోళ్లు ఉన్నరు, ఎనుమాముల మార్కెట్ యార్డు నుంచి గుమస్తాలు వచ్చిన్రు, సిస్టంలు రిపేరు చేసే తమ్ముళ్లు వెనక వరుసల కూర్చున్నరు. అందరిదీ ఒకటే ముచ్చట. విండోస్ 10 పోయి విండోస్ 11 వచ్చింది, పని నెమ్మదించింది.

తారీఖు కూడా మనకు కలిసి రాలేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. యార్డుకు కొత్త పత్తి దిగే రోజులవి. ఆ వెనకనే మేడారం జాతర ఫ్లెక్సీలు, పెండ్లి కార్డులు, మిర్చి సీజన్. చేతినిండ పని ఉన్న కాలంలనే చేతిలోని పనిముట్టు మారింది. అందుకని మొదలే ఒక మాట చెప్త. ఎవరన్న ఆపరేటర్ "ఇది నాకు వస్తలేదు" అంటే "అలవాటైతది తీ" అని తోసెయ్యకండి. ఆ మాట వెనక రెండు సంగతులల్ల ఏదైనా ఉండొచ్చు. చేతి అలవాటు తప్పి ఉండొచ్చు, లేకుంటే నిజంగనే ఏదో ఆగిపోయి ఉండొచ్చు. అలవాటు రోజుల మీద సర్దుకుంటది. ఆగిపోయింది మాత్రం ఎన్ని రోజులైనా సర్దుకోదు, ఎవరో ఒకరు కూర్చొని బాగు చెయ్యాలె. ఏది ఏదో అడిగి తెలుసుకోకపోతే, మనిషి పాత ప్రింటర్ డ్రైవర్‌తోని కొట్లాడుతుంటే మనం "కొత్తది నేర్చుకోడు" అని పేరు పెడతం. అది అన్యాయం.

ముందు చేతి అలవాటు సంగతి చూద్దాం. స్టార్ట్ బటన్ 1995 ఆగస్టుల విండోస్ 95తోని వచ్చింది. దాని చోటు ఎడమ దిక్కు కింది మూల. మౌస్‌కు మూలను మించిన తేలిక చోటు లేదు, ఎందుకంటే బాణం గుర్తు తెర అంచు దాటి పోదు. చూడకుండ మౌస్‌ను ఎడమకు, కిందికి నూకినా అది మూలలనే ఆగుతది. గురి ఎంత పెద్దగ, ఎంత దగ్గర ఉంటే చెయ్యి అంత జల్ది చేరుతదని 1954ల పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించిండు. మూలల ఉన్న బటన్ కంటికి చిన్నగనే కనపడతది. కానీ అంచు అడ్డం ఉంటది కాబట్టి చేతికి అది చాన పెద్ద గురి.

విండోస్ 11 ఆ బటన్‌ను మధ్యకు తెచ్చింది. ఒక్కసారి జరిపి అక్కడనే ఉంచితే చెయ్యి ఆ కొత్త చోటు నేర్చుకునేది. చానామంది గమనించని సంగతి ఏందంటే, మధ్యల ఉన్న బొమ్మలన్నీ ఒక గుంపుగ సర్దుకుంటయి. మీరు ఇంకో ప్రోగ్రాం తెరిస్తే గుంపు వెడల్పయితది, స్టార్ట్ బటన్ కొంచెం ఎడమకు జరుగుతది. ప్రోగ్రాం మూసేస్తే మళ్ల కుడికి వస్తది. పొద్దంత జరుగుతనే ఉండే గురిని చెయ్యి నేర్చుకోలేదు, ప్రతిసారి కన్ను వెతకాల్సిందే. సర్టిఫికెట్ కోసం కౌంటర్ ముందు పదిమంది నిలబడ్డప్పుడు ఆ వెతుకుడే భారం.

దీన్ని సరి చేసుకొనుడు అరనిమిషం పని. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి. అందుల అడుగున టాస్క్‌బార్ బిహేవియర్స్ అని ఉంటది. అలైన్‌మెంట్ అన్న దగ్గర సెంటర్ తీసి లెఫ్ట్ పెట్టండి. బటన్ మళ్ల మూలకు వస్తది. ఆఫీసుల ఎన్ని సిస్టంలు ఉంటే అన్నిటికీ, ఎవరూ అడగకముందే ఇది చేసి ఇవ్వండి. కొత్త రూపం అట్లనే ఉంచి నేర్పుడు గొప్ప అనుకునే ఇన్‌ఛార్జులు ఉన్నరు. మనకు కావాల్సింది సర్టిఫికెట్ జల్ది బయటికి వచ్చుడు.

ఈ గొడవ కొత్తది కాదు. 2012 అక్టోబర్ 26న వచ్చిన విండోస్ 8 స్టార్ట్ బటన్‌నే తీసేసింది. తెర నిండ పలకలు పెట్టింది, షట్‌డౌన్ చెయ్యాల్నంటే తెర కుడి అంచు నుంచి ఒక పట్టీని బయటికి లాగాల్సి వచ్చేది. వేలితోని ముట్టుకునే తెరకు చేసిన రూపాన్ని మౌస్ పట్టుకున్న ఆఫీసు మీద రుద్దిన్రు. లోకమంతట ఎంత వ్యతిరేకత వచ్చిందంటే, ఏడాది తిరగకముందే, 2013 అక్టోబర్ 17న, విండోస్ 8.1ల బటన్ తిరిగి వచ్చింది. వాడేటోళ్లు గట్టిగ చెప్తే తయారుచేసేటోళ్లు వింటరు. విండోస్ 11ల కూడా అట్లనే అయింది. మొదలు వచ్చినప్పుడు ఫైల్‌ను లాగి టాస్క్‌బార్ మీద ఉన్న ప్రోగ్రాం మీద వదిలే సౌకర్యం లేకుండె, 2022ల తిరిగి ఇచ్చిన్రు. ఒక్కో ఫైల్‌కు ఒక్కో బటన్ పేరుతోని కనపడే సౌకర్యం 2023ల తిరిగి వచ్చింది.

ఈ రెండోది గుమస్తాలకు ముఖ్యం. నాలుగు ఎక్సెల్ ఫైళ్లు తెరిచి పెట్టుకొని పని చేసేటాయనకు విండోస్ 11 ఒకటే ఆకుపచ్చ బొమ్మ చూపిస్తది. దాని మీద మౌస్ పెట్టాలె, చిన్న బొమ్మలు లేచేదాక ఆగాలె, అందుల కావాల్సింది ఏరుకోవాలె. రోజుకు వందసార్లు ఫైల్ మార్చేటాయనకు ఇది చెయ్యి నొచ్చే పని. అదే టాస్క్‌బార్ బిహేవియర్స్‌ల కంబైన్ అనే మాట ఉన్న చోట నెవర్ పెట్టండి. ఏ పార్టీ ఖాతా ఏ ఫైలో పేరుతోని వరుసగ కనపడతయి.

ఇగ రైట్ క్లిక్. కట్, కాపీ, పేస్ట్ అనే మాటలు పోయి బొమ్మలు వచ్చినయి. విండోస్ 11కు 2024ల వచ్చిన 24హెచ్2 అనే రూపంల బొమ్మల కింద పేర్లు కూడా ఇచ్చిన్రు, అది మంచిగైంది. కానీ మౌస్ తెర మీద ఎక్కడ ఉన్నదాన్ని బట్టి ఆ బొమ్మల వరుస ఒకసారి మెనూ పైన, ఒకసారి అడుగున వస్తది. మళ్ల జరిగే గురే. పాత జిప్ ప్రోగ్రాములు, స్కానర్ ఆదేశాలు చాన వరకు షో మోర్ ఆప్షన్స్ వెనక దాసుకున్నయి. షిఫ్ట్ పట్టుకొని రైట్ క్లిక్ కొడితే పాత మెనూ నేరుగ వస్తది. పేపర్ మీద రాసి మానిటర్ అంచుకు అతికించాల్సిన మాట ఇది.

ఇంకో మాట, ముఖ్యంగ కొత్తగ పనిల చేరిన పిల్లలకు. తెర మీద బొమ్మలు ఎన్నిసార్లు జరిగినా కీబోర్డ్ జరగలేదు. కంట్రోల్ సి, కంట్రోల్ వి, పేరు మార్చనీకి ఎఫ్2, మూసేయనీకి ఆల్ట్ ఎఫ్4, ఫోల్డర్లు తెరవనీకి విండోస్ కీతోని ఇ. విండోస్ 95 నాడు ఇవి ఏం చేసినయో ఇయ్యాల కూడా అదే చేస్తయి. నేర్పేటోళ్లు మౌస్ దారి కంటే ముందు ఇవి నేర్పండి.

అలవాటు విషయంల ఇంకొకటి చెప్పాలె. కొత్త రూపం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ తడబడేది ఎవరు? అందరికంటే జోరుగ చేసే ఆపరేటరే. పదిహేనేండ్ల పని ఆమె చేతుల్ల నిలిచి ఉంటది. ఆమె తెర చూడదు, కాయితం చూస్తది. నిన్న చేరిన పిల్లగాడు మొదటి నుంచి చూసుకుంటనే కొడతడు కాబట్టి అతనికి తేడా తెల్వదు. ఇన్‌ఛార్జి ఇద్దరినీ పక్కపక్కన చూసి "పెద్దోళ్లకు కంప్యూటర్ రాదు" అని తీర్పు చెప్తడు. తప్పు తీర్పు అది. కొత్త సిస్టం ముందు ఆమెకే ఇవ్వండి, కౌంటర్ మీద కాకుండ లోపల టేబుల్ మీద, జనం లేని పూట. పాత సిస్టం పక్కన ఉండనియ్యండి. లైన్ల నిలబడ్డోళ్ల ముందు తడబడితే ఆమె పరువుకు దెబ్బ. అది మనసుల పెట్టుకుంటే నేర్చుకొనుడు ఇంకా ఆలస్యమైతది.

ఇప్పుడు రెండో రకం, నిజంగ ఆగిపోయేటివి. ఇక్కడ రిపేరు తమ్ముళ్లు కొంచెం దగ్గరికి రండి.

తెలుగు ఫాంట్లతోని మొదలు పెడదాం. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి మన ఆఫీసులల్ల తెలుగు ఉత్తరాలు చాన వరకు గౌతమి ఫాంట్‌లనే ఉన్నయి. విండోస్ 10, 11 కొత్తగ ఎక్కించినప్పుడు గౌతమి, వాణి ఫాంట్లు దానంతట అవి రాకపోవచ్చు, అవి విడిగ ఎక్కించుకునే భాగం. అవి లేకుంటే వర్డ్ వాటి స్థానంల నిర్మల పెడతది. చదవనీకి అక్షరాలు మంచిగనే వస్తయి, కానీ వరుసల ఎత్తు వేరు, కొలతలు వేరు. పేజీలు తప్పుతయి, ఒక్క పేజీ ప్రొసీడింగ్స్‌ల సంతకం చోటు ఇంకో పేజీకి పోతది. "ఫైల్ ఖరాబైంది" అని ఫోన్ వస్తది. ఫైల్‌కు ఏం కాలేదు. సెట్టింగ్స్‌ల సిస్టం, అందుల ఆప్షనల్ ఫీచర్స్, అక్కడ జాబితాల తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వెతికి ఎక్కించండి. నెట్ ఉండాలె. పేజీలు మళ్ల మునుపటి చోటుకు వస్తయి.

డీటీపీల అను ఫాంట్ల సంగతి వేరే. అవి యూనికోడ్, అంటే ఏ సిస్టంలనైనా ఒకే తీరు చదివే అక్షరాల పద్ధతి, కావు. లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల స్థానాలు, పైన తెలుగు బొమ్మ. ఫాంట్ లేకుంటే కార్డు మొత్తం పిచ్చి గీతలుగ కనపడతది. అందుకని పాత సిస్టం ఫార్మాట్ కొట్టే ముందు ఫాంట్లను, కీబోర్డ్ ప్రోగ్రాంను, దాని లైసెన్స్ కీని పెన్‌డ్రైవ్‌ల తీసి పెట్టుకోవాలె. పేజ్‌మేకర్ 7 అయితే 2001 నాటి 32 బిట్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్ 32 బిట్ ప్రోగ్రాంలను నడిపిస్తది, కానీ ఎక్కింది అంటే పని అయినట్టు కాదు. ఒక పూర్తి పెండ్లి కార్డు తెరిచి, తెలుగు కొట్టి, సేవ్ చేసి, ప్రింట్ బయటికి వచ్చేదాక చూసి, అప్పుడు పాతది విడవండి.

యూనికోడ్‌ల కొట్టేటోళ్లకు ఒక చిన్న మాట. తెలుగు చేర్చినప్పుడు ఇన్‌స్క్రిప్ట్, ఫోనెటిక్ రెండు కీబోర్డులూ ఉంటయి. విండోస్ కీతోని స్పేస్ కొడితే ఒక్కొక్కటిగ మారుతయి. మీరు వాడేది ఒక్కటే ఉంచి మిగతాది తీసేయండి. లేకుంటే నడిమిట్ల అక్షరాలు మారి పరేషానైతరు.

ఆడ్తి దుకాణాలల్ల ఇంకా ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ మీద నడిచే డాస్ (విండోస్‌కు ముందటి) ప్రోగ్రాంలు ఉన్నయి. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు చీటీ), హమాలీ, కమీషన్, రైతు బాకీ అన్నీ అందులనే. అవి 16 బిట్ అయితే 32 బిట్ విండోస్ 10 దాక నడిచినయి. విండోస్ 11ల 32 బిట్ అనేదే లేదు, 64 బిట్ విండోస్‌ల 16 బిట్ ప్రోగ్రాం తెరుచుకోదు. ఇది సెట్టింగ్‌తోని పోయే రోగం కాదు. డాస్‌బాక్స్‌ల (పాత డాస్‌ను అనుకరించే ప్రోగ్రాం) నడిపేటోళ్లు ఉన్నరు, కానీ దాన్ని తయారుచేసింది పాత ఆటల కోసం. ఇద్దరు గుమస్తాలు ఒకేసారి ఒకే ఖాతా తెరిచే చోట దాని మీద లెక్కలు పెట్టకండి. నా సలహా ఏందంటే, పాత సిస్టంను నెట్ వైరు పీకి పక్కకు పెట్టండి, సీజన్ అయ్యేదాక అందులనే రాయండి. లెక్కలు ఉండే డీబీఎఫ్ ఫైళ్లు రోజూ పెన్‌డ్రైవ్‌ల తీయండి. ఆ ఫైళ్లను ఎక్సెల్ గానీ లిబ్రెఆఫీస్ గానీ తెరుస్తది, అంటే మీ లెక్క మీ చేతులనే ఉన్నది. కొత్త ప్రోగ్రాంకు ఎండకాలం పోయినంక మారండి.

ప్రింటర్ల దగ్గర సగం గొడవ ఒక్క మీట వల్లనే. తక్‌పట్టీకి డాట్ మ్యాట్రిక్స్, ఉత్తరాలకు లేజర్, ఇట్ల రెండు ఉంటయి. లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్ అనేది ఆన్‌ల ఉంటే, ఆఖరికి ఏ ప్రింటర్ వాడిన్రో అదే డిఫాల్ట్ అయితది. ఒక ఉత్తరం లేజర్‌కు పోయిందా, తర్వాతి తక్‌పట్టీ కూడా లేజర్‌ల ఏ4 మీదనే వస్తది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌ల ఆ మీట ఆఫ్ చేసి, డాట్ మ్యాట్రిక్స్‌ను మీ చేతితోని డిఫాల్ట్ పెట్టండి.

ఇంకొకటి చానామందిని సతాయిస్తున్నది. దుకాణంల మూడు సిస్టంలు, ఒకదాంట్ల పాస్‌వర్డ్ లేకుండ షేర్ చేసిన ఫోల్డర్. 24హెచ్2 ఎక్కించినంక మిగతా రెండిటికి ఆ ఫోల్డర్ తెరుచుకోదు. విండోస్ 11 ప్రోల పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశం ఇప్పుడు మొదటి నుంచే బంద్ ఉంటది. కొందరు రక్షణనే తీసేసి నడిపిస్తున్నరు, అది వద్దు. ఫోల్డర్ ఉన్న సిస్టంల ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ తయారు చేసి, ఆ ఫోల్డర్‌కు అనుమతి ఇచ్చి, మిగతా సిస్టంలల్ల ఒకసారి ఆ వివరం కొట్టి గుర్తుంచుకోమనండి. పది నిమిషాల పని.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అడిగే పాత వెబ్‌సైట్లు ఉంటే ఎడ్జ్‌ల ఐఈ మోడ్ (పాత ఎక్స్‌ప్లోరర్ తీరు) వాడుకోవాలె. ఎడ్జ్ సెట్టింగ్స్‌ల డిఫాల్ట్ బ్రౌజర్ అన్న చోట అనుమతి ఇచ్చి, ఆ పేజీ చిరునామా జాబితాల చేర్చాలె. చేతితోని చేర్చిన చిరునామా 30 రోజులకు గడువు తీరి పోతది. "మొన్నటిదాక నడిచింది, ఇయ్యాల ఎందుకు నడుస్తలేదు" అనే ఫోన్ వస్తే మొదలు అదే చూడండి.

డెస్క్‌టాప్ మీది ఫైళ్లన్నీ మాయమైనయనే ఫిర్యాదు వన్‌డ్రైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వది. మైక్రోసాఫ్ట్ ఖాతాతోని లాగిన్ అయినంక డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లకు మారిపోవచ్చు. ఉచితంగ ఇచ్చేది 5 జీబీ. స్కాన్ చేసిన కాయితాలు పెట్టే మీసేవ సిస్టంల అది ఎన్ని రోజులు వస్తది? నిండిందని నోటీసు రాంగనే కొందరు వెబ్‌సైట్‌ల ఫైళ్లు డిలీట్ కొడతరు. అక్కడ డిలీట్ కొడితే సిస్టంల కూడా పోతయి. దయచేసి అది చెయ్యకండి. ముందు అన్నీ వేరే డ్రైవ్‌లకు కాపీ చెయ్యండి. తర్వాత వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌ల సింక్ అండ్ బ్యాకప్, మేనేజ్ బ్యాకప్‌కు పోయి మూడూ ఆఫ్ చెయ్యండి.

ఏ సిస్టం మార్చవచ్చు, ఏది మార్చరాదు అనేది ముందే చూసుకోవాలె. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అడిగే 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు అనేవి కాయితం మీది లెక్కలు. నా లెక్కల 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ లేనిదే కౌంటర్ పనికి పెట్టొద్దు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి. ఐ5 తర్వాత 8400 ఉంటే ఎనిమిదో తరం, 7400 ఉంటే ఏడోది, కాదు. పాత కోర్ టూ డ్యుయో మీద 24హెచ్2 అసలు లేవదు. దొడ్డిదారిన ఎక్కించిస్తమనేటోళ్లకు పైసలియ్యకండి. టీపీఎం 2.0 అనే రక్షణ భాగం కూడా కావాలె. చాన అసెంబుల్డ్ సిస్టంలల్ల అది ఉండి కూడా బయోస్‌ల (సిస్టం ఆన్ కాంగనే తెరిచే సెట్టింగ్స్‌ల) ఆఫ్ ఉంటది. ఇంటెల్‌కు పీటీటీ, ఏఎండీకి ఎఫ్‌టీపీఎం అని కనపడతది, ఆన్ చెయ్యాలె.

తమ్ముళ్లు ఎక్కువ చేసే తప్పు ఇక్కడనే. డిస్క్ ముక్కల వివరం పాత ఎంబీఆర్ పద్ధతిల ఉండంగనే బయోస్‌ల లెగసీ అనే పాత బూట్ పద్ధతి తీసి యూఈఎఫ్ఐ అనే కొత్తది పెడతరు. సిస్టం లేవదు, ఓనర్ గుండె ఆగినంత పనైతది. ముందు డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలె. దానికి విండోస్‌లనే ఎంబీఆర్2జీపీటీ అనే ఆదేశం ఉన్నది. మొదలు వ్యాలిడేట్ కొట్టి చూడండి. మన దిక్కు ఒకే డిస్క్‌ను సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేసే అలవాటు ఉన్నది. ఆ ముక్కలల్ల లాజికల్ పార్టిషన్ ఉంటే అది మార్చనంటది. అప్పుడు డేటా బయటికి తీసుడు తప్ప వేరే తొవ్వ లేదు. పాత సిస్టం 32 బిట్ విండోస్ అయితే పైనుంచి అప్‌గ్రేడ్ కాదు, కొత్తగ ఎక్కించాల్సిందే.

అప్‌గ్రేడ్ చేసినంక మనసుకు రాకుంటే వెనకకు పోయే తొవ్వ 10 రోజులే ఉంటది. సెట్టింగ్స్, సిస్టం, రికవరీ, గో బ్యాక్. కాబట్టి మార్చిన మొదటి మూడు రోజులల్లనే మీరు వాడే ప్రతి ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ ఒక్కసారన్న నడిపి చూడండి. వేలిముద్ర మిషన్‌కు డ్రైవర్ ఒక్కటి వేస్తే సాలదు, దాని ఆర్‌డీ సర్వీస్ (ఆధార్‌కు కావాల్సిన ప్రోగ్రాం) కూడా మళ్ల ఎక్కించాలె.

మార్చలేని సిస్టం ఇంట్ల ఉంటే, విండోస్ 10కు రక్షణ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించే పథకం ఉన్నది. మైక్రోసాఫ్ట్ ఖాతాతోని సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే పైసలు లేకుండ వస్తది, లేకుంటే 30 డాలర్లు. సంస్థలకు వేరే లెక్క, ఒక్కో సిస్టంకు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటేటా రెట్టింపు, మూడేండ్ల వరకు.

ఆఖరుకు ఒక కాయితం పని. కొత్త ల్యాప్‌టాపులల్ల మైక్రోసాఫ్ట్ ఖాతాతోని లాగిన్ అయితే డిస్క్‌కు మీకు చెప్పకుండనే తాళం పడొచ్చు. బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతది. అది లేకుంటే డేటా ఎవరూ తీయలేరు. ఇయ్యాల ఇంటికి పోంగనే మీ ఖాతా పేజీల ఆ కీ తెరిచి, ప్రింట్ తీసి, ల్యాప్‌టాప్ సంచిల కాకుండ బీరువాల పెట్టండి. ఆ ఖాతా ఎవరి ఫోన్ నంబర్ మీద ఉన్నదో కూడా రాసుకోండి. దుకాణం సిస్టం పని మానేసి పోయిన పిల్లగాని ఖాతా మీద ఉంటే ఇప్పుడే మార్పించుకోండి.

టేబుల్ మీద రెండు సిస్టంలు ఉన్నయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. పత్తి, మిర్చి దుకాణాలోళ్లు ఎడమ దిక్కు, డీటీపీ వాళ్లు కుడి దిక్కు రండి. ముందు షేరింగ్ ఫోల్డర్ చేసి చూపిస్త.